నీలమ్మకు పరీక్ష, నాకు ఫలితం

తంతి యంత్రం ముందు ముప్పై ఒక్క సంవత్సరాలు కూర్చున్నాను. అంత కాలంలో నా చేతి మీదుగా పోయిన వార్తల్లో ఒక్క అక్షరం తప్పిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పాఠకులు తొందరపడి నన్ను మెచ్చుకోవద్దని మనవి. ఒక్క అక్షరం కూడా తప్పకుండా ఒక మనిషి ఎంత ఘోరంగా తప్పగలడో నిరూపించిన ఘనత కూడా నాదే. ఆ ఘనకార్యం డోర్నకల్‌లో, పట్టపగలు, మా ఇంటి నడవలో, పది మంది సాక్షుల ఎదుట జరిగింది. వారిలో ఎనిమిది మంది ఏడుస్తున్నారు. ఆ ఏడుపుకు కారణం నేనే. ఆ సంగతి తెలియనివాణ్ని కూడా నేనే.

అవి మా ప్రాంతంలో సాయుధ పోరాటం సాగుతున్న రోజులు. నాకు ఇరవై మూడేళ్లు. రైల్వేలో తంతి గుమాస్తాను. టెలిగ్రామును జనం ‘తార్’ అనేవారు కనుక నన్ను ‘తార్ బాబు’ అనేవారు. మా అక్కను మానుకోట అవతల ఒక పల్లెలో ఇచ్చాం. మానుకోట అంటే మహబూబాబాదే; కాగితం మీద ఒక పేరు, జనం నోట ఇంకో పేరు. ఆ పల్లెలో బడి కాస్తా సైనికుల క్యాంపుగా మారింది. పోరాటం నడిపే సంఘం వాళ్లకు అన్నం పెట్టాడన్న అనుమానం మీద మా బావను పట్టుకుపోయారు. పోతూ పోతూ ఆయన చెప్పిన మాట ఒక్కటే: “పిల్ల సదువు ఆగొద్దు.” అందుకని అక్క తన తొమ్మిదేళ్ల కూతురు నీలమ్మను తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. “తమ్ముడా, దీన్ని బడిల ఎయ్యి. మీ బావను ఏ జైల్ల పెట్టిన్రో ఎతుక్కోవాలె నేను” అని వచ్చిన రైలుకే తిరిగి వెళ్లింది.

బడిలో వేయడానికి ముందు పిల్ల స్థాయి తెలుసుకోవడం పద్ధతి కదా అని, ఆ సాయంత్రమే వాచకం ముందు పెట్టి, రైల్వే వారి గడియారం చేతిలో పట్టుకుని, “కానియ్” అన్నాను. నీలమ్మ చదివింది. చదవడమంటే అలా ఇలా కాదు. సరుకుల రైలు వంతెన దాటినట్టు చదివింది. ఒత్తులు ఎగిరిపోలేదు, దీర్ఘాలు కుంగలేదు. నేను పట్టిక గీశాను. వేగం: నిమిషానికి నూట నాలుగు మాటలు. తప్పులు: సున్నా. గొంతు: వీధి చివరి వరకు. అంత చక్కని పట్టిక గీసిన ఆనందంలో, అందులో ఒక గడి తక్కువైందన్న సంగతి నాకు తట్టలేదు.

మిషన్ బడి పెద్ద టీచరు సుగుణమ్మ గారు. బెజవాడ వైపు మనిషి. గొంతు ఎప్పుడూ పెంచరు. పెంచాల్సిన అవసరం ఎదుటివాళ్లు కలిగించరు.

“ఎంతవరకు చదివింది?” అని అడిగారు.

“నిమిషానికి నూట నాలుగు మాటలు, తప్పులు సున్నా.”

“నేను అడిగింది తరగతి, తార్ బాబు గారూ.”

ఆమె ఒక చీటీ మీద ఏదో రాసి పిల్లకిచ్చారు. నేను గడియారం తీశాను. నీలమ్మ నిటారుగా నిలబడి, పెంకుల మీది పావురాలు లేచిపోయేంత గొంతుతో చదివింది: “మూలనున్న కుండలోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చి నాకు ఇవ్వు. తరువాత తలుపు దగ్గరగా వేయి.” చదివి, చీటీ నాలుగు మడతలు పెట్టి, తిరిగి ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

“ఆరు సెకన్లు” అన్నాను నేను, పెళ్లికొడుకు తండ్రిలా.

“నీళ్లేవి?” అన్నారు సుగుణమ్మ గారు.

“ఏ నీళ్లు?” అన్నాను నేను.

ఆమె ముందు పిల్లను చూశారు. తర్వాత నన్ను చూశారు. నన్ను కొంచెం ఎక్కువసేపు చూశారని ఇప్పుడు అర్థమవుతోంది.

“ఇందులో ఏముంది తల్లీ?” అని పిల్లను అడిగారు.

“నాకు తెల్వదు.”

“ఇప్పుడే చదివావు కదా?”

“సదివిన. తెల్వదు.”

సుగుణమ్మ గారు చీటీని పుస్తకంలో పెట్టుకున్నారు. “పిల్ల గొంతు చదువుతోంది బాబూ, పిల్ల చదవడం లేదు. ఇలాగే నాలుగో తరగతిలో కూర్చోబెడితే పాఠాలన్నీ దీని మీదుగా పోతాయి. చదివిన సంగతి ఎవరూ అడగకుండా, తనంతట తాను, తన మాటల్లో ఎవరికైనా చెప్పిన రోజున తీసుకురండి. నెలాఖరు శనివారం దాకా పేర్లు రాసుకుంటాను. తర్వాత వచ్చే ఏడే.”

చేతిలో ఇరవై నాలుగు రోజులు ఉన్నాయి.

తంతి తీగ పలకకపోతే మేము కంగారుపడము. తీగను భాగాలుగా విడదీసి ఒక్కొక్క భాగాన్నీ పరీక్షిస్తాం. నీలమ్మనూ అలాగే విడదీశాను. ముందు కళ్లు. దూరాన ఉన్న సిగ్నల్ చెయ్యి లేచి ఉందో వాలి ఉందో చెప్పమన్నాను. చెప్పింది. దాని మీద వాలిన కాకి ముక్కున ఏముందో కూడా చెప్పింది. తర్వాత జ్ఞాపకశక్తి. కాజీపేట నుంచి బెజవాడ దాకా స్టేషన్ల పేర్లు రెండుసార్లు వినిపించాను. వెనక నుంచి ముందుకు అప్పజెప్పింది. ఆ తర్వాత బుద్ధి. మా అమ్మతో అష్టాచెమ్మా ఆడి వరుసగా మూడుసార్లు గెలిచింది. మా అమ్మ ఈ ఫలితాన్ని అంగీకరించలేదు గాని నేను నమోదు చేశాను. తీగ ఎక్కడా తెగలేదు. వార్త మాత్రం చేరడం లేదు.

ఇక నేరుగా రంగంలోకి దిగాను. పిల్ల ఒక పేజీ చదవగానే పెన్సిల్‌తో పీట మీద టకటక కొడుతూ అడిగేవాణ్ని.

“ఇందులో ఏముంది?”

“తెల్వదు.”

“ఎవరి గురించి రాశారు?”

“తెల్వదు.”

“వాళ్లు ఎక్కడికి పోయారు?”

“నేను సూడలె మామ.”

మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, “ఏందిరా, పోలీసోని లెక్క గట్ల అడుగుతున్నవ్? పొల్ల పరేషాన్ అయితున్నది” అంది. చూడండి, రోగం పేరు, కారణం, మందు మూడూ మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది. నేను ఆమెను గట్టిగా మాట్లాడవద్దని, నా ఏకాగ్రత చెడుతోందని మందలించాను.

తర్వాత ఒక శాస్త్రీయమైన ఉపాయం చేశాను. అర్థమైతే నవ్వక తప్పని పాఠం ఒకటి సొంతంగా రాశాను: ‘ఎర్ర మేక ఇంజన్ నడుపుతున్నది. గార్డు పట్టాల పక్కన గడ్డి మేస్తున్నాడు. స్టేషన్ మాస్టర్ పాలు పితుకుతున్నాడు. ఎవరి పాలో నియమావళిలో లేదు.’ నీలమ్మ దాన్ని సర్కారు ఫర్మానా చదివినంత గంభీరంగా చదివింది. మా అమ్మ నవ్వలేక గోడ పట్టుకుంది. ఆఖరి మాట దగ్గర పిల్ల పెదవి ఒక మూల కొంచెం వణికి, వెంటనే సర్దుకుంది. అది నేను చూశాను. చూసి కూడా వదిలేశాను. పెదవి వణుకు రాసుకోవడానికి నా పట్టికలో గడి లేదు.

పది రోజులు ఇలా వృథా అయ్యాక ఒక సాయంత్రం మా అమ్మ, నీలమ్మ అరుగు మీద కందికాయలు ఒలుస్తున్నారు. పెన్సిల్ లేకుండా, ఊరికే అలసిపోయి వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నాను.

“మీ ఊళ్ల నీకు సదువు ఎవరు చెప్పిన్రు బిడ్డా?” అని అడిగింది అమ్మ.

“సంఘపోళ్లు. ఊళ్లెకు కాయితం వస్తె నేనే సదివేదాన్ని అమ్మమ్మా. నా గొంతు పెద్దగున్నదని అందరు నన్నే పిలుస్తుండె. మంది ఇంటుండె. అయినంక కాయితం పొయిల ఏస్తుండె.”

“భయం కాకపోయెనా?”

“బాపు చెప్పిండు గద. ‘సదువు, మర్చిపో. ఎవరడిగిన తెల్వదను’ అని. ఒకసారి క్యాంపోళ్లు అడిగిన్రు, ఏం సదివినవ్, ఎవరు రాసిన్రు, యాడికి పోయిన్రు అని. నాకు నిజంగనె తెల్వదు. అందుకే ఇడిసిపెట్టిన్రు.”

“నిజంగనె తెల్వదా?”

“లోపలికి రానియ్య అమ్మమ్మా. లోపలికొస్తె, అడిగినప్పుడు బయటికొస్తది.”

ఈ పిల్లకు వచ్చిన లోపమేదీ లేదు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రిని, ఊరిని కాపాడటానికి ఒక విద్య నేర్చింది. ఆ విద్యను పూర్తిగా నేర్చింది. నేనేమో ఎదురుగా కూర్చుని, క్యాంపులో అడిగిన మూడు ప్రశ్నలనే అదే వరుసలో, అదనంగా పెన్సిల్ చప్పుడుతో, పది రోజులు అడిగాను.

ఇక్కడ ఇంకో మాట ఒప్పుకోవాలి. బాధతోపాటు నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. ఎందుకంటే నా శిక్షణలో మొదటి పాఠం సరిగ్గా అదే. శబ్దం చెవిలో పడాలి, పెన్సిల్ కాగితం మీద నడవాలి, మధ్యలో మనిషితో పని లేదు. వార్తలోకి తొంగిచూసినవాడు అక్షరం పోగొట్టుకుంటాడు. మేనమామ పోలిక అనుకుని మురిసిపోయాను. ఆ పోలిక ఎంతవరకు పోయిందో తర్వాత మీరే చూస్తారు.

మర్నాడు సుగుణమ్మ గారికి అంతా చెప్పాను. ఆమె చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత, “అయితే ఇక అడగకండి” అన్నారు.

“అడగకుండా పరీక్షించడం ఎలాగండీ?”

“పరీక్షించకండి. చదివితే తనకు పనికొచ్చేది ఏదైనా రాసి, అక్కడ పెట్టి, మీ పని చూసుకోండి. లోపలికి రానిస్తే మంచే జరుగుతుందని పిల్లకు నమ్మకం కుదరాలి. కథలు చెప్పి మధ్యలో ఆపండి, మిగతాది కాగితం మీద ఇవ్వండి. ముఖ్యంగా ఆ గడియారం ఇంట్లో తీయకండి.”

అడగకుండా ఉండటం నేను అనుకున్నంత తేలిక కాదు. పిల్ల చదువుతుంటే పెదవులు బిగించి, కనుబొమలు ఎత్తి, వంతెన కింద నీటిమట్టం చూసే కొలబద్దలా కదలకుండా కూర్చునేవాణ్ని. రెండో రోజే నీలమ్మ పుస్తకం మూసి, “నువ్వు అడగకున్నా నీ మొకం అడుగుతున్నది మామ. జర అవతలికి పో” అంది. అవతలికి పోయాను.

మా అమ్మ చెబుతుంటే నేను రాసిన చీటీలు ఇంట్లో అక్కడక్కడా కనిపించసాగాయి. ‘ఉట్టి మీద బెల్లం ఉంది.’ మొదటి రోజు పిల్ల చీటీని గట్టిగా చదివి, మడిచి, నా చేతికిచ్చింది. రెండో రోజూ అంతే. మూడో రోజు గొంతు వినబడలేదు. చీటీ ఉన్నచోటే ఉంది. బెల్లం లేదు.

“సదువుకున్నది రా” అంది అమ్మ, కళ్లు మెరుస్తుండగా.

“నిర్ధారణ కాలేదు. ఎలుక కావచ్చు.”

“ఎలుక పీటేసుకొని ఎక్కుతదా?”

పీట నిజంగానే ఉట్టి కింద ఉంది. అయినా సుగుణమ్మ గారి షరతు వేరు కదా. పిల్ల తనంతట తాను, తన మాటల్లో ఎవరికైనా చెప్పాలి. నీలమ్మ కథల్లో మిగతా సగాన్ని మెల్లగా చదువుకుంటోంది, ఒక్కోసారి తనలో తాను నవ్వుకుంటోంది. కాని నోరు విప్పడం లేదు. బావ ఆచూకీ లేదు. శనివారం మూడు రోజుల్లోకి, రెండు రోజుల్లోకి వచ్చింది.

ఆ గురువారం ఉదయం డ్యూటీలో నా మనసంతా శనివారం మీదే ఉంది. తొమ్మిదిన్నరకు మానుకోట పిలిచింది. చెవి విన్నది, పెన్సిల్ నడిచింది. మాటలు లెక్కపెట్టాను. తేదీ, వేళ వేశాను. కాగితం మడిచి కవరులో పెట్టి, మీద చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తార్లు పంచే మల్లయ్యకు ఇచ్చాను. మల్లయ్యకు ఇంగ్లీషు అక్షరాలు రావు గాని, డోర్నకల్‌లో ఎవరి చిరునామా ఆకారం ఎలా ఉంటుందో తెలుసు.

“బాబూ, గిది…” అని ఏదో అనబోయాడు.

మళ్లీ యంత్రం మోగింది. “చిరునామా ప్రకారం అందజేయి. సంతకం మరవకు” అన్నాను.

పది నలభై రెండుకు పాసింజరు వచ్చింది, పోయింది. కాసేపటికి నా కిటికీకి అడ్డంగా ఎవరో ఇద్దరు కూర్చున్నారు. కాగితం మీద నీడ పడింది. తల ఎత్తకుండానే, “వెలుతురుకు అడ్డం కూర్చోవద్దు. జరగండి” అన్నాను. పాపం, మారు మాట్లాడకుండా జరిగారు.

పన్నెండు దాటి ముప్పై ఐదు నిమిషాలకు భోజనానికి ఇంటికి వచ్చాను. ఇంటి నిండా జనం. ఆ రోజుల్లో తార్ అంటే చావు కబురే. మల్లయ్య సంతకాల పుస్తకం పట్టుకుని నడవలో నిలబడ్డాడు. ఇంగ్లీషు చదవగలిగేవాణ్ని వీధి మొత్తానికి నేనొక్కణ్నే. నేను డ్యూటీ మధ్యలో లేవనని అందరికీ తెలుసు కనుక ఎవరూ పిలవడానికి కూడా రాలేదట. విప్పని కవరును దేవుడి గూట్లో పెట్టి, మా అమ్మ మా బావ పేరు తలచుకుని ఏడుస్తోంది. ఆమెను ఓదార్చడానికి వచ్చిన ఏడుగురు ఆడవాళ్లు ఆమెకంటే గట్టిగా ఏడుస్తున్నారు. నీలమ్మ మాత్రం స్తంభం పట్టుకుని, రెప్ప వేయకుండా ఆ కవరునే చూస్తోంది.

“కొడుకా, ఏమైందో సదువురా” అంది అమ్మ.

నేను కవరు చించి, గొంతు సవరించుకుని, మాటకు మాట తెలుగు చేసి, గంభీరంగా చదివాను: “విడుదల. ఇద్దరం గురువారం పాసింజరులో వస్తున్నాం. పిల్లకు చెప్పు.”

ఏడుపులు ఆగాయి. అందరూ నా ముఖం చూస్తున్నారు. నేను కాగితాన్ని వెలుగుకు పెట్టి పరిశీలించాను.

“చేతిరాత బాగుంది. మాటల లెక్క సరిపోయింది. తప్పులు లేవు” అన్నాను. “ఇంతకూ ఇది ఎవరిది? సరైన ఇంటికి చేరినట్టు లేదు, పాపం.”

మల్లయ్య సంతకాల పుస్తకం అడ్డం పెట్టుకుని ముఖం దాచుకున్నాడు.

“మామ” అంది నీలమ్మ.

“ఉండు.”

“మామ, గది మనదే. మా బాపును ఇడిసిపెట్టిన్రు. అమ్మ, బాపు కలిసి రైలెక్కిన్రు. గురువారమంటె ఇయ్యాలనే. గా ముచ్చట నువ్వు నాకు చెప్పాల్నట.” ఇంకా అనుమానం తీరనివాడికి చెప్పినట్టు నెమ్మదిగా, “ఆ పిల్లను నేనే” అంది.

ఎవరూ అడగలేదు. తనంతట తాను చెప్పింది. తన మాటల్లో చెప్పింది. ఈ సంగతి కూడా నాకు అప్పుడు తట్టలేదు. కవరు వెనక్కి తిప్పి చూస్తున్నాను. దాని మీద నా పేరు, నా చేతిరాతలో, చాలా అందంగా ఉంది.

“పాసింజరు ఎప్పుడొస్తది మామ?”

“పది నలభై రెండు” అన్నాను. ఆ రోజు నేను సరిగ్గా చెప్పిన జవాబు అదొక్కటే.

అందరం స్టేషనుకు పరిగెత్తాం. నా కిటికీకి నాలుగు బారల దూరంలో, గోడకు ఆనుకుని మా అక్క కూర్చుని ఉంది. పక్కన గడ్డం పెరిగి, సగానికి సగం అయిన మా బావ. నీలమ్మ ఆయన ఒళ్లో పడిపోయింది. మా అమ్మ మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది, ఈసారి సకారణంగా.

అక్క నన్ను కింది నుంచి మీదికి చూసింది. “జరుగుమంటివి, జరిగినం. ఇంకా జరగాల్నా తమ్ముడా?”

“పిలవొచ్చు కదా అక్కా.”

“మీ బావ నడవలేకపోతున్నడు. తార్ కొట్టినం గద, బండి తీస్కొని వస్తవని కూసున్నం. నీ గొంతు ఇనంగనె లేవబోయిన. ఈయనె ఆపిండు, ఎంతసేపటికి తల ఎత్తుతవో సూద్దామని.”

“రెండు గంటలు సూసిన బామ్మర్ది” అన్నాడు బావ నీరసంగా. “జైల్ల సెంట్రీగూడ నడుమ నడుమ తల ఎత్తుతుండె.”

బండి మాట్లాడి ఇంటికి తీసుకొచ్చాం. దారి పొడవునా నీలమ్మ గోడల మీద, దుకాణాల మీద రాసి ఉన్నవన్నీ చదివి, వాటిలో ఏముందో ఎవరూ అడగకుండానే తండ్రికి చెప్పుకుంటూ వచ్చింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ, “ఇంక తెల్సినా ఏం గాదు బిడ్డా. మంచిగ లోపలికి రానియ్యి” అన్నాడు.

శనివారం బడికి వెళ్లాం. సుగుణమ్మ గారు పేర్ల పుస్తకం తెరిచి, “చెప్పిందా?” అని అడిగారు.

“చెప్పిందండీ. తార్ చదవగా విని, అందులోని సంగతి తనంతట తాను చెప్పింది.”

“విని చెప్పడం కూడా మంచిదే. ఎవరికి చెప్పింది?”

ఇక్కడ నాకు రెండు దారులున్నాయి. నా పరువు నిలుపుకోవచ్చు, లేదా పిల్లకు తరగతి ఇప్పించవచ్చు.

“నాకండీ.”

“మీకు తెలియదా?”

“తెలియలేదు.”

“తార్ రాసుకున్నది ఎవరు?”

“నేనే.”

“ఎవరి పేరు మీద వచ్చింది?”

“నా పేరు మీదే.”

“పిల్లకు చదివి వినిపించింది?”

“అదీ నేనేనండీ.”

సుగుణమ్మ గారు కలం కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం దాచలేకపోయారు. తర్వాత పుస్తకంలోంచి పాత చీటీ తీసి నీలమ్మకు ఇచ్చారు. నీలమ్మ ఈసారి గొంతు ఎత్తలేదు. పెదవులు కూడా కదపలేదు. కళ్లతో చదువుకుని, మూలకు వెళ్లి రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చింది. ఒకటి టీచరమ్మకు ఇచ్చింది. రెండోది నాకు ఇచ్చింది.

“చీటీలో ఒక గ్లాసే ఉంది కదమ్మా?” అన్నారు సుగుణమ్మ గారు.

“మామకు చెమటలు పడుతున్నయ్. గది చీటీల లేదు, కండ్లకు కనవడుతున్నది” అని చెప్పి, వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

నాలుగో తరగతిలో పేరు రాసుకున్నారు. రాసుకుంటూ, వెనక బల్ల మీద ఇంకొకరికి చోటుందని, డ్యూటీ లేని రోజుల్లో నేను వచ్చి కూర్చున్నా అభ్యంతరం లేదని సుగుణమ్మ గారు అన్నారు.

ఇంటికి రాగానే స్నానం చేసి, తూర్పుకు తిరిగి కూర్చుని, తెల్ల కాగితం మీద నా ప్రతిజ్ఞ రాశాను: ‘ఇకమీదట నా పేరు మీద వచ్చిన ఏ వార్తనైనా మల్లయ్య చేతికి ఇచ్చే ముందు ఒక్కసారైనా లోపలికి రానిస్తాను. కిటికీ ముందు నీడ పడితే, జరగమనే ముందు తల ఎత్తి చూస్తాను. పిల్లలు చదువుతున్నప్పుడు గడియారం తీయను.’ కింద సంతకం, తేదీ, మాటల లెక్క కూడా వేసి, సాక్షి సంతకం కోసం నీలమ్మకు ఇచ్చాను.

ఆమె మొదటి నుంచి చివరిదాకా నిదానంగా, నిశ్శబ్దంగా చదివింది. సంతకం చేసి కాగితం నా చేతిలో పెట్టింది.

“నాకైతె సమజయింది మామ” అంది. “నువ్వుగూడ ఒకసారి సదువుకో.”